దీపం ఆరాక స్తంభాన్ని ఎవరు చూసుకోవాలి?

సముద్రం గురించి, ఓడల గురించి, తీరం గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు నేను జవాబులు రాసే శీర్షిక ఇది. ముప్పై మూడేళ్లు లైట్‌హౌసుల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మొదటిదానికి జవాబు బాగా పెరిగింది. అది అడిగిన పిల్లలు ఇప్పటికే పనిలోకి దిగారు కాబట్టి సగం చెప్పి వదిలేయడం మంచిది కాదనిపించింది.

*సార్, మాది కావలి దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. ఊరి పక్కన సరుగుడు తోపులో పాత లైట్‌హౌసు ఉంది. దీపం ఆగిపోయి చాలా ఏళ్లయింది. పక్కనున్న రెండు గదుల కప్పు కూలింది. మేం పదిమంది స్నేహితులం సంఘం పెట్టి దాన్ని కాపాడాలనుకుంటున్నాం. సిమెంటుకు, రంగులకు చందాలు వసూలు చేస్తున్నాం. ఫోటోలు పంపుతున్నాం. వేరే దేశాల్లో ఇలాంటి సంఘాలు ఉన్నాయట కదా, అవి ఏం చేస్తాయి? మేం ఎక్కడ మొదలుపెట్టాలి?*
– ఒక డిగ్రీ విద్యార్థి, కావలి ప్రాంతం

నాయనా, సిమెంటుకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే ముందు అది వెనక్కి తీసుకోండి. మీ స్తంభం ఇటుకతో, సున్నంతో కట్టిందని ఫోటోల్లో తెలుస్తోంది. గానుగలో తిప్పిన సున్నం, ఇసుక, కొన్నిచోట్ల కరక్కాయ, బెల్లం నీళ్లు కూడా కలిపి ఆ రోజుల్లో కట్టేవాళ్లు. సున్నపు గోడ వానకు తేమ పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే లోపలి తేమకు దారి మూసుకుపోతుంది. సముద్రపు గాలితో వచ్చిన ఉప్పు ఇటుక లోపలే గడ్డకడుతుంది. గోడ చవుడెక్కి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైన పూత మాత్రం నున్నగా కనిపిస్తూ ఉంటుంది.

నేను పనిచేసిన ఒకచోట ఇలాగే జరిగింది. కాంట్రాక్టరు సిమెంటు పూసి, తెల్లరంగు వేసి, బిల్లు తీసుకుని వెళ్లాడు. నాలుగో ఏడు వానలకు పూత పెచ్చులుగా ఊడింది. దాన్ని పట్టుకుని ఇటుక కూడా ఊడి వచ్చింది. అరచేయంత పెచ్చు చేతిలో పట్టుకుని చూస్తే వెనకవైపు ఎర్రటి పొడి, తెల్లటి ఉప్పు. ఆ పూత వేసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. వద్దని చెప్పడానికి అప్పట్లో నాకు ఈ సంగతి తెలియదు. మీకు ముందే తెలియాలని ఇంత వివరంగా రాస్తున్నాను. చందా డబ్బు బ్యాంకులో వేసి ఉంచండి. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరికే వరకు గోడ మీద చెయ్యి వేయకండి.

ఇక సంఘాల సంగతి. అవును, చాలా దేశాల్లో ఉన్నాయి. అందులో ఒకదాని పని నేను కళ్లారా చూశాను.

మా అమ్మాయి అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉంటుంది. 2016 వేసవిలో వెళ్లినప్పుడు, "నాన్నా, నీకు ఊళ్లు చూపించడం కంటే ఇది చూపిస్తేనే సంతోషిస్తావు" అని సముద్రం వైపు తీసుకెళ్లింది. కొరొల్లా అనే చిన్న ఊరు. అక్కడి లైట్‌హౌసు పేరు కరిటక్ బీచ్ లైట్‌హౌసు. 1875లో వెలిగించారు. రంగు వేయని ఎర్రటి ఇటుక. ఆ తీరంలో ఒకదానికి తెలుపు నలుపు చారలు మెలితిరిగి ఉంటాయి, ఇంకొకదానికి అడ్డపట్టీలు ఉంటాయి. పగటిపూట దూరం నుంచి చూసిన నావికుడు ఇది ఫలానా చోటు అని గుర్తుపట్టడానికి దీన్ని ఇటుక రంగులోనే వదిలేశారు.

దీపానికి కరెంటు వచ్చాక అక్కడ మనిషి ఉండాల్సిన అవసరం పోయింది. లైట్‌కీపర్ల కుటుంబాలు ఉండే ఇల్లు ఖాళీ అయింది. కిటికీలు పోయాయి, తీగలు అల్లుకున్నాయి, నలభై ఏళ్ల పాటు ఎవరూ పట్టించుకోలేదు. మీరు పంపిన ఫోటోలోని గదుల్లాగే అనుకోండి. 1980లో కొందరు స్థానికులు 'ఔటర్ బ్యాంక్స్ కన్సర్వేషనిస్ట్స్' అనే లాభాపేక్ష లేని సంఘం పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వంతో లీజు రాయించుకుని ఆ ఇంటిని బాగుచేయడం మొదలుపెట్టారు. వాళ్లు ఎక్కడ మొదలుపెట్టారో చూడండి. కాగితం దగ్గర. సున్నం, కర్ర ఆ తర్వాత వచ్చాయి. పదేళ్లకు, 1990లో, జనాన్ని పైకి ఎక్కనిచ్చారు. 220 మెట్లు. ఆ ఎక్కే టికెట్ల మీద వచ్చే డబ్బుతోనే స్తంభం బాగోగులు నడుస్తున్నాయి. 2003లో స్తంభం కూడా ఆ సంఘం పేరు మీదికి వచ్చింది. దీపం నేటికీ వెలుగుతోంది.

మెట్ల దగ్గర నిలబడ్డ పెద్దావిడకు మా అమ్మాయి నా ఉద్యోగం సంగతి చెప్పింది. ఆవిడ నన్ను పక్కకు పిలిచి మొదట అడిగిన ప్రశ్న, "మీ దగ్గర లెన్సు దేంతో తుడిచేవాళ్లు?" అని. లెన్సంటే దీపం చుట్టూ ఉండే పెద్ద గాజు. మెత్తటి గుడ్డ, స్పిరిట్ అని చెప్పాను. ఉంగరం, వాచీ తీసేశాకే లెన్సు దగ్గరికి వెళ్లేవాళ్లమన్నాను. "ఇక్కడా అంతే" అని నా చెయ్యి పట్టుకుంది. ముప్పై మూడేళ్లలో నా పని గురించి అంత సరైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. సంఘం అంటే ఏమిటో ఆ ప్రశ్నతోనే నాకు అర్థమైంది. డబ్బున్నవాళ్లు చేరి రంగు వేయించడం ఒక్కటే కాదు, ఆ పని ఎలా చేస్తారో నేర్చుకుని, మరిచిపోకుండా పట్టుకుని ఉండేవాళ్లు కావాలి.

వాళ్ల చట్టం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో మనం నేర్చుకోవలసింది ఉంది. 2000 సంవత్సరంలో అమెరికాలో చారిత్రక లైట్‌హౌసుల పరిరక్షణ చట్టం చేశారు. ప్రభుత్వానికి అవసరం లేదనుకున్న లైట్‌హౌసును ముందు స్థానిక సంస్థలకు, స్వచ్ఛంద సంఘాలకు, విద్యాసంస్థలకు ఉచితంగా ఇస్తామంటారు. ఊరికే ఇవ్వరు. దాన్ని ఎలా నిలబెడతారు, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, జనాన్ని ఎలా రానిస్తారు, ఇవన్నీ దరఖాస్తులో రాయాలి. ఎవరూ ముందుకు రాకపోతే వేలం వేస్తారు. ఈ పద్ధతిలో 150కి పైగా లైట్‌హౌసులు చేతులు మారాయి. చాలాచోట్ల దీపం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. దీపాన్ని కోస్ట్‌గార్డ్ చూసుకుంటుంది, గోడను సంఘం చూసుకుంటుంది. ఈ పంపకం నాకు బాగా నచ్చింది.

కెనడాలో ఇంకో తీరు. అక్కడ 2008లో చేసిన చట్టం 2010లో అమల్లోకి వచ్చింది. అప్పుడే ప్రభుత్వం వెయ్యికి దగ్గర లైట్‌హౌసులను తనకు అక్కర్లేనివిగా ప్రకటించింది. ఒక లైట్‌హౌసుకు వారసత్వ హోదా కావాలంటే 2012 వరకు ఇరవై అయిదు మంది సంతకాలతో అర్జీ పెట్టుకునే వీలుండేది. అక్కర్లేదని ప్రకటించినదైతే, దాన్ని తీసుకుని చూసుకుంటామని ఎవరో ఒకరు రాసివ్వాల్సి ఉండేది. ఇలా వందకు పైగా హోదా పొందాయి. ఇరవై అయిదు సంతకాలు మీ ఊళ్లో ఒక్క సాయంత్రం పని.

మన దగ్గరా దారి లేకపోలేదు. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. అందులో వారసత్వ లైట్‌హౌసు అనే మాట మొదటిసారి చేరింది. కేంద్రం తన అధీనంలో ఉన్నవాటిని అలా ప్రకటించి చదువుకు, సంస్కృతికి, పర్యాటకానికి వాడుకోవచ్చు. దేశంలో 75 లైట్‌హౌసులను పర్యాటకానికి సిద్ధం చేసి 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితం చేశారు. అది మంచిదే. కానీ పర్యాటకులు వచ్చే చోటికి ఎలాగూ ఎవరో ఒకరు వస్తారు. సరుగుడు తోపులో ఉన్న మీ స్తంభం దగ్గరికి మీరు తప్ప ఎవరూ రారు. నా దిగులంతా అలాంటివాటి గురించే.

మీరు చేయవలసింది చెబుతాను. స్తంభం ఎవరిదో తేల్చుకోండి. అది లైట్‌హౌసుల శాఖదా, రాష్ట్ర ఓడరేవుల వాళ్లదా, సరుగుడు తోపుతో పాటు అటవీశాఖ కిందికి వెళ్లిందా, పంచాయతీదా? తహసీల్దారు ఆఫీసులో సర్వే నంబరు పట్టుకుంటే సగం తెలుస్తుంది. మిగతా సగానికి పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఎవరిదో తెలియకుండా గడ్డి పీకినా రేపు మీమీదే కేసు పెట్టవచ్చు. ఈలోగా సంఘాన్ని రిజిస్టరు చేయండి. మన రాష్ట్ర 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు చాలు, జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో పని. మీరు పదిమంది ఉన్నారు. ఆ పదిమందిలో ఒక్కరైనా చేపల వేటకు వెళ్లే ఇంటివాళ్లు ఉన్నారా? లేకపోతే ఇద్దరిని చేర్చుకున్నాకే రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లండి. ఊళ్లో పట్టపువాళ్ల పెద్దలతో కూర్చుని మాట్లాడండి. వాళ్లను పక్కనపెట్టి పెట్టే సంఘం ఒక్క తుఫానుకు కూడా నిలవదు.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మీ అమ్మానాన్నలకు గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి నేను ఈ తీరంలోనే ఒక స్టేషన్లో డ్యూటీలో ఉన్నాను. చీకటి పడకముందే పక్క పల్లె జనం పిల్లల్ని, ముసలివాళ్లను తీసుకుని వచ్చారు. క్వార్టర్సు నిండాక స్తంభం లోపల మెట్ల మీద కూర్చున్నారు, మెట్టుకు ఒక్కరు చొప్పున. పైన గాలికి లాంతరు గది అద్దాలు గజగజ ఊగుతుంటే కింద ఒక తల్లి బిడ్డకు పాలిస్తోంది. తెల్లారాక వాళ్ల ఇళ్లు లేవు. స్తంభం ఉంది. ఆ ఊరివాళ్లు నేటికీ దాన్ని "మన లైట్‌హౌసు" అంటారు. రికార్డుల్లో యజమాని ఎవరైనా కానివ్వండి, ముందు ఆ మాట అనేవాళ్లను పిలవండి.

రిజిస్ట్రేషన్ అయ్యేలోగా గోడను ముట్టుకోకుండా చేసే పనులు చాలా ఉన్నాయి. నెలకో ఆదివారం ఒకే చోట నిలబడి, ఒకే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. ఏడాది గడిచేసరికి ఏ పక్క ఎంత కరుగుతోందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. గోడ ఎవరిదో వాళ్ల అనుమతి వచ్చాక, పగులుకు అడ్డంగా సన్నటి గాజుపలక అతికించి తేదీ రాయండి. పలక చిట్లితే పగులు కదులుతున్నట్టు, చిట్లకపోతే అది పాత పగులు, కంగారు లేదు. ఇటుకల మధ్య మొలిచిన రావి మొక్కను మాత్రం పట్టుకుని లాగకండి. వేరు లోపల ఇటుకను కరుచుకుని ఉంటుంది, లాగితే గోడే వస్తుంది. కొమ్మలు కోసేసి, వేరును లోపలే చంపే పద్ధతి తెలిసినవాళ్లతో చేయించాలి.

ఇంకో సంగతి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పాత లైట్‌హౌసుల్లో బరువైన లెన్సు తేలిగ్గా తిరగడానికి దాన్ని పాదరసం తొట్టిలో తేలేలా పెట్టేవాళ్లు. పైగదిలో ఎక్కడైనా వెండిలాంటి బొట్లు కనిపిస్తే ముట్టుకోవద్దు, ఊడ్వవద్దు, వెంటనే కిందికి దిగిపోండి. అది ఆవిరై ఊపిరితో లోపలికి పోతే విషం. ఇనుప మెట్లు తుప్పు పట్టి ఉంటాయి. ఇంజనీరు చూసి చెప్పేదాకా ఎవరినీ పైకి ఎక్కనివ్వకండి, మీరూ ఎక్కకండి. పావురాల రెట్ట మందంగా ఉన్నచోట ముక్కుకు మాస్కు లేకుండా వెళ్లకండి.

ఇంటాక్ అనే సంస్థ 1984 నుంచి దేశమంతా పాత కట్టడాల మీద పనిచేస్తోంది. సున్నం పని తెలిసిన మేస్త్రులు, ఇంజనీర్లు ఎక్కడ దొరుకుతారో వాళ్లను అడగండి. మీ రిజిస్ట్రేషన్ అయ్యాక నాకు కబురు చేయండి. బస్సెక్కి వస్తాను.

*అయ్యా, మా తాతగారు బ్రిటిష్‌వాళ్ల కాలంలో లైట్‌హౌసులో లస్కరుగా పనిచేశారు. ఆయన రాసుకున్న రెండు నోటు పుస్తకాలు, ఒక ఇత్తడి దీపం, కొన్ని ఇత్తడి పనిముట్లు ఇంట్లో ఉన్నాయి. ఇల్లు మారుతున్నాం. వీటిని ఎవరికి ఇవ్వాలి?*
– ఒక గృహిణి, ఒంగోలు

అమ్మా, ముందు ఎవరికీ ఇవ్వకండి. మీ ఉత్తరం చదివాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను.

మా ఉద్యోగంలో రోజూ లాగ్‌బుక్ రాయాలి. దీపం ఎన్నింటికి వెలిగించాం, ఎన్నింటికి ఆర్పాం, గాలి ఎటునుంచి, పొగమంచు ఉందా, ఎంత కిరసనాయిలు ఖర్చయింది, ఏ ఓడ కనిపించింది. నేను చేరిన కొత్తలో కొన్నిచోట్ల ఇంకా కిరసనాయిలు దీపాలే. పంపు కొట్టి, మాంటిల్ వెలిగించి, లెన్సు తిప్పే గడియారం యంత్రానికి బరువులు పైకి చుట్టేవాళ్లం. అర్ధరాత్రి లేచి మళ్లీ చుట్టాలి. అవన్నీ ఆ పుస్తకాల్లో ఉండేవి. ఒకచోట కొత్త పరికరాలు వచ్చినప్పుడు స్టోరు గది ఖాళీ చేశారు. నేను సెలవులో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఎన్నో ఏళ్ల లాగ్‌బుక్కులు కిలోల లెక్కన పాత కాగితాలవాడికి వెళ్లిపోయాయి. బజారులో బఠాణీలు పొట్లం కట్టిన కాగితం మీద మా హెడ్ లైట్‌కీపరు చేతిరాత చూశాను. ఆ పొట్లం ఇప్పటికీ నా దగ్గర ఉంది, అందులో ఒక్క రాత్రి గాలి వివరం మాత్రమే ఉంది.

మీ తాతగారి పుస్తకాలు పోకూడదు. పేజీలకు లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు వేయకండి, అవి కాగితాన్ని తినేస్తాయి. ఎండలో పెట్టకండి. కిటికీ దగ్గర మామూలు వెలుతురులో ప్రతి పేజీ ఫోనుతో ఫోటో తీసి, మూడుచోట్ల దాచండి. చదవడం తెలిసినవాళ్లు ఇంట్లో ఉంటే పక్కనే తిరగరాయండి. ఇత్తడి సామాను విషయంలో మీ చెయ్యి చింతపండు మీదికి పోతుంది, ఆపుకోండి. తోమితే తళతళ మెరుస్తుంది కానీ తయారుచేసినవాళ్ల గుర్తు, నంబరు అరిగిపోతాయి. మనదేశంలో చాలా లైట్‌హౌసులకు ఇంగ్లండ్‌లోని చాన్స్ బ్రదర్స్ లెన్సులు, దీపాలు వచ్చేవి. అడుగున చిన్న అక్షరాలుంటే భూతద్దంతో చూసి నాకు రాయండి.

ఇలాంటివాటిని భద్రపరచడం స్వచ్ఛంద సంఘాల పనుల్లో అన్నిటికంటే పెద్దదని నా నమ్మకం. బ్రిటన్‌లో 1988లో లైట్‌కీపర్ల సంఘం పెట్టుకున్నారు. అప్పటికి ఒక్కొక్క లైట్‌హౌసూ ఆటోమేటిక్ అయిపోతోంది. 1998లో నార్త్ ఫోర్‌లాండ్‌లో చివరి మనుషులు దిగిపోయారు. ఉద్యోగాలు పోతున్నాయని తెలిసి కూడా, తమకు తెలిసిన పని, తమ దగ్గరున్న కాగితాలు, ఫోటోలు పోకూడదని వాళ్లు కలుసుకున్నారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఎప్పుడూ గొంతు పట్టుకుంటుంది. మనకు అలాంటిది ఉండి ఉంటే ఆ లాగ్‌బుక్కులు బఠాణీల పొట్లాలు అయ్యేవి కావు.

అమెరికాలో కేప్ హాటెరస్ లైట్‌హౌసు సంగతి కూడా వినండి. సముద్రం కోసుకుంటూ దగ్గరికి వచ్చేస్తే 1999లో ఆ ఇటుక స్తంభాన్ని మొత్తంగా పైకెత్తి, పట్టాల మీద 2,900 అడుగులు లోపలికి జరిపారు. ఆ పని ప్రభుత్వానిది, ఇంజనీర్లది. దాన్ని అందరూ చెబుతారు. అక్కడి లైట్‌హౌస్ అభిమానుల సంఘం చేసింది మాత్రం వేరు. అక్కడ పనిచేసిన కీపర్ల వారసులు ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి, 2001లో వందల మందిని ఒకచోటికి పిలిచింది. మనవలు, మునిమనవలు తాతల ఫోటోలు పట్టుకుని వచ్చారు. స్తంభం కదిలాక మిగిలిన పాత పునాది రాళ్ల మీద కీపర్ల పేర్లు చెక్కించారు. నేను ఆ పేర్లు ఒక్కొక్కటే చదివాను. మా అమ్మాయి వెళ్దామని రెండుసార్లు పిలిచింది.

మీ తాతగారి పేరు కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలమ్మా. ఆయన పనిచేసిన స్టేషన్ ఏదో పుస్తకాల్లో ఉంటుంది. ఫోటోలు తీశాక, అసలు పుస్తకాలను మీ ఇంట్లో చూసుకునేవాళ్లు లేరనుకున్నప్పుడు మాత్రమే రాష్ట్ర ఆర్కైవ్స్‌కు గానీ, లైట్‌హౌసుల శాఖ మ్యూజియానికి గానీ రసీదు తీసుకుని ఇవ్వండి. మహాబలిపురంలో ఆ శాఖ మ్యూజియం ఉంది. ఒకసారి వెళ్లి చూసి నిర్ణయించుకోండి.

*ఫోనులో జీపీఎస్ ఉంది, పడవల్లోనూ ఉంది. ఇంక లైట్‌హౌసులెందుకు? పాతవాటి మీద డబ్బు పెట్టడం దండగ కాదా?*
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

పనిచేస్తున్న లైట్‌హౌసు ఇంకా కావాలి. బ్యాటరీ అయిపోయినా, సిగ్నల్ తప్పు చూపించినా, కంటికి కనిపించే దీపం ఒక్కటే నావికుడు సరిచూసుకోగలిగేది. వేటకు వెళ్లినవాళ్లను అడగండి. రాత్రి తిరిగి వచ్చేటప్పుడు కృష్ణపట్నం దీపం ఎటు ఉంది, రామాయపట్నం దీపం ఎటు ఉంది అనే మాట వాళ్ల నోట ఇప్పటికీ వస్తుంది.

ఆరిపోయినవాటి సంగతి వేరు. అవి ఓడలకు అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను. అవి కావలసింది ఒడ్డున ఉన్న మనకు. దుగరాజపట్నం సంగతే చూడండి. మద్రాసు కంటే ముందు, 1620ల్లోనే ఇంగ్లీషువాళ్లు అక్కడ వర్తకస్థానం పెట్టి కోట కట్టుకున్నారు. ఆర్మగాన్ అని పిలిచేవాళ్లు. 1640 నాటికి దాన్ని వదిలి చెన్నపట్నం వెళ్లిపోయారు. అక్కడి సముద్రంలో ఇసుక తిన్నెలు ప్రమాదకరం కాబట్టి ఆ పేరుతోనే లైట్‌హౌసు ఉంది. ఆ కోట గురించి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? కట్టడం కనిపించకపోతే కథ చెప్పేవాడు వేలు పెట్టి చూపించేది ఏముంటుంది? అందుకని దండగ అనే మాట నేను ఒప్పుకోలేను. ప్రభుత్వమే అన్నిటికీ పెట్టాలని నేను అనడం లేదు. అన్నిటికీ పెట్టడం దానివల్ల కూడా కాదు. అందుకే సంఘాలు కావాలంటున్నాను.

*మా స్కూలు పిల్లల్ని లైట్‌హౌసు చూపించడానికి తీసుకెళ్లాలనుకుంటున్నాను. ఊరికే ఎక్కి దిగి సెల్ఫీలు తీసుకుంటే ఏం లాభం? వాళ్లతో ఏం చేయించమంటారు?*
– ఒక సోషల్ టీచర్, కొత్తపట్నం

టీచర్ గారూ, మంచి ప్రశ్న అడిగారు. సెప్టెంబర్ 21ని మన శాఖ లైట్‌హౌస్ దినంగా జరుపుతుంది. 1927లో చట్టం వచ్చిన రోజు అది. ఆ రోజుకు ముందుగా ఉత్తరం రాస్తే సిబ్బంది ఓపికగా చూపిస్తారు, నేనూ ఎన్నోసార్లు చూపించాను.

పైకి ఎక్కే ముందు కింద ఎండలో ఒక అరగంట ఉంచండి. మీటరు కర్ర నిలబెట్టి దాని నీడ కొలిపించండి, స్తంభం నీడ కొలిపించండి. ఎత్తు ఎంతో పిల్లలే కడతారు. తర్వాత లోపలికి వెళ్లి సిబ్బందిని అడిగి సరిచూసుకోనివ్వండి. ఏడో తరగతి పిల్లలు రెండు మూడు అడుగుల తేడాతో చెప్పడం నేను చూశాను, ఆ ముఖాలు చూడాలి. పైన లెన్సు ఉంటే, మధ్యలో చిన్న దీపం, చుట్టూ మెట్లు మెట్లుగా గాజుపట్టకాలు ఎలా అమర్చారో చూపించండి. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1822లో దాన్ని కనిపెట్టాడు. అటూ ఇటూ చెదిరిపోయే వెలుతురును వంచి ఒకే కట్టగా సముద్రం మీదికి పంపుతుంది. పగటిపూట లాంతరు గదికి తెరలు ఎందుకు వేస్తారో అడగండి. ఎండ ఆ గాజులోంచి వెనక్కి పడితే భూతద్దం కింద కాగితంలా లోపలి సామాను కాలుతుంది. ఈ జవాబు కనీసం ఒక్క పిల్లాడైనా తనంతట తాను చెబుతాడు, తొందరపడి మీరు చెప్పేయకండి.

మీ ఊళ్లో హ్యామ్ రేడియో, అంటే సరదాగా సొంత రేడియోతో దూరపువాళ్లతో మాట్లాడడం, తెలిసినవాళ్లుంటే ఇంకో ముచ్చట ఉంది. స్కాట్లండ్‌లో ఎయిర్ అనే ఊరి రేడియో ఔత్సాహికులు 1998లో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఏటా ఆగస్టులో ఒక శని, ఆదివారాలు ప్రపంచంలోని లైట్‌హౌసుల దగ్గర రేడియోలు పెట్టుకుని ఒకరినొకరు పలకరించుకుంటారు. పెద్ద ఖర్చేమీ లేదు. ఒక బ్యాటరీ, ఒక తీగ, ఇద్దరు ముగ్గురు మనుషులు. పాత స్తంభాలను జనం గుర్తుంచుకునేలా చేయడంలో నాకు తెలిసిన తేలికైన పని ఇది.

సాయంత్రం వరకు ఉండగలిగితే తప్పకుండా ఉండండి. ప్రతి లైట్‌హౌసుకూ తన లెక్క ఉంటుంది, ఇన్ని సెకన్లకు ఇన్నిసార్లు మెరవాలి అని. పక్క ఊరి దీపానికి ఆ లెక్క వేరు. నావికుడు చీకట్లో దాన్ని బట్టే ఇది ఏ ఊరో చెబుతాడు. పిల్లల్ని ఇసుకలో కూర్చోబెట్టి, వాచీ లేకుండా నోటితో లెక్కపెట్టమనండి. ఎంత వచ్చిందో ఒక్కొక్కరినీ కార్డు మీద రాసి నాకు పంపమనండి. మీరు దిద్దకండి, వాళ్ల రాతలోనే రానివ్వండి.